కొండ వెనక దాగిన యుద్ధం: ఒకినావా, 1945 – తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ యుద్ధం అనగానే చాలామందికి పెర్ల్ హార్బర్, విమాన వాహక నౌకలు, చివర్లో అణుబాంబు గుర్తొస్తాయి. వాటి మధ్యలో నడిచి వెళ్లి, పాక్కుంటూ వెళ్లి, ఒక్కో గుట్ట కోసం వారాల తరబడి కొట్లాడిన సైనికుల సంగతి పెద్దగా తెలియదు. సినిమాలు చూసో, వీడియో గేములు ఆడో కుర్రాళ్లు అడిగే ప్రశ్నలకు, కొంచెం లోతుగా చదివినవాళ్లు అడిగే ప్రశ్నలకు కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అన్ని దీవులనూ ఒకేసారి చెప్పబోతే ఏదీ అర్థం కాదు కాబట్టి ఒకినావాను పట్టుకున్నాను.

ఒకినావా ఎక్కడుంది? అమెరికాకు అది ఎందుకు కావలసి వచ్చింది?

జపాన్ ప్రధాన దీవులకూ తైవాన్‌కూ మధ్య సముద్రంలో ర్యూక్యూ దీవుల వరస ఉంది. అందులో పెద్దది ఒకినావా. పొడవు వంద కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు మాత్రం కొన్నిచోట్ల నాలుగైదు కిలోమీటర్లే. అక్కడ విమానాశ్రయాలు, ఓడలు ఆగే చోట్లు దొరికితే జపాన్ మీద దాడికి అదే మెట్టు అవుతుందని అమెరికా లెక్క. 1945 ఏప్రిల్ 1న హగుషి తీరంలో అమెరికన్ పదవ సైన్యం దిగింది. దాని అధిపతి లెఫ్టినెంట్ జనరల్ సైమన్ బకనర్. అవతల జపాన్ 32వ సైన్యం, అధిపతి లెఫ్టినెంట్ జనరల్ మిత్సురు ఉషిజిమా.

తీరంలో కాల్పులే లేవంటారు, నిజమేనా?

దాదాపు నిజమే. మొదటి రోజే 60 వేల మంది ఒడ్డుకు చేరారు. ఓడలో టెన్షన్‌తో నిద్రపోని సైనికులకు అది నమ్మశక్యం కాలేదు.

కారణం ఉషిజిమా దగ్గర పనిచేసిన కల్నల్ హిరోమిచి యహారా. అంతకుముందు తారావా, సైపాన్ అనే పసిఫిక్ దీవుల్లో జపాన్ సైన్యం తీరంలోనే ఎదురు నిలిచి నౌకల ఫిరంగులకు బలైపోయింది. మిగిలినవాళ్లు కత్తులు పట్టుకుని అరుస్తూ మెషీన్ గన్ల మీదికి పరిగెత్తి చచ్చిపోయారు. 1944 సెప్టెంబరులో పెలెలియు దీవిలో కల్నల్ నకగావా ఆ పద్ధతి వదిలేసి పగడపు రాతి గుహల్లో కూర్చున్నాడు. మూడు నాలుగు రోజుల్లో అయిపోతుందనుకున్న ఆ దీవి అమెరికాకు రెండు నెలలకు పైగా పట్టింది. యహారా అదే పాఠాన్ని ఒకినావాలో ఇంకా పెద్ద ఎత్తున అమలు చేశాడు. తీరం వదిలేశాడు, విమానాశ్రయాలు వదిలేశాడు. దీవి దక్షిణ భాగంలో, షురి కోట చుట్టూ అడ్డంగా వరసలు వరసలుగా ఉన్న గుట్టలను తవ్వి, లోపల సైన్యాన్ని దాచాడు. ఆ షురి కోట కిందే సుమారు కిలోమీటరు పొడవున సొరంగం తవ్వి అందులో ప్రధాన కార్యాలయం పెట్టారు. గెలవడం అతని ఉద్దేశం కాదు. వీలైనంత కాలం ఆపడం, వీలైనంత రక్తం కార్పించడం.

“వెనక వాలు రక్షణ” అంటే ఏమిటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇదే చదవండి.

మన ఊరి చివర గుడి ఉన్న గుట్టను తలుచుకోండి. మీరు ఊరి వైపు నుంచి ఎక్కుతున్నారు. మామూలుగా శత్రువు మీకు ఎదురుగా, మీకు కనిపించే వాలు మీద కందకాలు తవ్వుకుని ఉంటాడని అనుకుంటారు. మీ ఫిరంగులు ఆ వాలునే కొడతాయి. ఒకినావాలో అక్కడ ఉన్నది కొన్ని మెషీన్ గన్లు, కాపలా వాళ్లు మాత్రమే. అసలు సైన్యం గుడి అవతల, మీకు కనిపించని దిగుడు మీద ఉంది. నేరుగా దూసుకొచ్చే ఫిరంగి గుండు శిఖరానికి తగిలి ఆగిపోతుంది, లేదా పైనుంచి దాటిపోయి ఎక్కడో పడుతుంది. వెనక వాలుకు అతుక్కుని ఉన్నవాడికి అది తగలదు.

మీరు కష్టపడి శిఖరం చేరారనుకోండి. తల పైకెత్తగానే ఆకాశం వెనకాల మీ ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. దిగువన ఉన్నవాడు కాలుస్తాడు. అదే క్షణంలో పక్క గుట్ట మీద నుంచి, ఇంకో వెనక గుట్ట మీద నుంచి మోర్టార్ (గుండును ఎత్తుగా పైకి ఎగరేసే చిన్న ఫిరంగి) గుండ్లు మీ శిఖరం మీదే పడతాయి. ఆ దూరాలన్నీ వాళ్లు ముందే కొలిచి పెట్టుకున్నారు. పేలుళ్లు ఆగగానే సొరంగంలోంచి బయటికొచ్చి చేతి బాంబులు విసురుతారు. మీ వెనక ఉన్న మీ ఫిరంగులు కాల్చలేవు, ఎందుకంటే మీరూ వాళ్లూ ఇరవై అడుగుల దూరంలో కలిసిపోయి ఉన్నారు.

అందుకే అప్పటి నివేదికల్లో ఒకే మాట పదే పదే వస్తుంది: శిఖరం చేరారు, నిలబడలేకపోయారు. నేను మొదట్లో ఈ యుద్ధాన్ని మ్యాపు ముందు పెట్టుకుని చదివినప్పుడు ఎత్తుల గీతలు చూసి ఇంత చిన్న గుట్టకు ఇన్ని రోజులేమిటి అనుకున్నాను. ఎత్తు చూడటం పొరపాటు. వెనక ఏముంది, పక్కన ఏముంది అని చూడాలి.

అంత పెద్ద ఫిరంగి దళం ఉండి కూడా ఎందుకు పని చేయలేదు?

ఏప్రిల్ 19 ఉదయం సంగతి చూడండి. పసిఫిక్ యుద్ధంలో అంతవరకు ఎప్పుడూ లేనంతగా 324 ఫిరంగులు 40 నిమిషాల్లో 19 వేల గుండ్లు కాల్చాయి. యుద్ధ నౌకలు, విమానాలు అదనం. తర్వాత పదాతిదళం లేచి నడిచింది. గుహల్లో లోతుగా కూర్చున్నవాళ్లు బయటికొచ్చి ఎప్పటిలాగే కాల్చారు. అమెరికన్ ఫిరంగి దళం అధికారి బ్రిగేడియర్ జనరల్ షీట్జ్ తర్వాత వేసుకున్న అంచనా ప్రకారం వంద గుండ్లకు ఒక్క శత్రువైనా చచ్చాడో లేదో.

ఇది చదివినప్పుడల్లా నాకు ఆ పొద్దున లేచి నడిచిన కుర్రాళ్లే గుర్తొస్తారు. ముందు ఆ శబ్దం విని, ఇక అవతల ఎవరూ మిగలరని వాళ్లకు అనిపించి ఉంటుంది.

కకజు దగ్గర ట్యాంకులకు ఏమైంది?

కకజు షురికి ఉత్తరాన ఉన్న గుట్టల వరస. ముందు లోతైన వాగు, వెనక వాలులో కకజు ఊరు. ఏప్రిల్ 9న 96వ డివిజన్ సైనికులు తెల్లవారకముందే ఫిరంగి కాల్పులు లేకుండా నిశ్శబ్దంగా ఎక్కి చూశారు. పైకి చేరారు, చీకటి పోగానే దొరికిపోయారు, సాయంత్రానికి కిందికి రావలసి వచ్చింది.

ఏప్రిల్ 19న 27వ డివిజన్ వంతు. 30 ట్యాంకులు గుట్టను చుట్టి ఊళ్లోకి వెళ్లాలి, పదాతిదళం గుట్ట మీదుగా వచ్చి వాటిని కలుసుకోవాలి. జపాన్ వాళ్లు దీన్ని ముందే ఊహించారు. పదాతిదళాన్ని మాత్రం మెషీన్ గన్లతో, మోర్టార్లతో విడగొట్టారు. ట్యాంకులు ఒంటరిగా ఊళ్లోకి వెళ్లాయి. ఒక్క 47 మిల్లీమీటర్ల ఫిరంగే 16 గుండ్లతో నాలుగు ట్యాంకులను పడగొట్టింది. మందుగుండు సంచులు పట్టుకున్న జపాన్ సైనికులు పరిగెత్తుకొచ్చి వాటిని ట్యాంకుల కింద తోశారు. 30లో వెనక్కి వచ్చినవి 8. పక్కన నడిచే మనిషి లేకపోతే ట్యాంకుకు కళ్లు లేనట్టేనని ఆ రోజు తేలిపోయింది. కకజు చివరికి ఏప్రిల్ 24న దొరికింది, అప్పటికి జపాన్ సైన్యం రాత్రికి రాత్రే వెనక వరసకు వెళ్లిపోయింది.

మరి ఒక బంకరును, గుహను నిజంగా ఎలా పట్టుకునేవారు?

బకనర్ ఈ పద్ధతిని బ్లోటార్చ్‌తోను, కార్క్‌స్క్రూతోను పోల్చాడు. అంటే మంటతో కాల్చడం, మందుగుండుతో పెకలించడం. చదవడానికి తేలిక. చేసేవాడికి ఎలా ఉంటుందో చెబుతాను.

పది పన్నెండు మంది జట్టు. ముందు గుహ నోరు ఎక్కడుందో కనిపెట్టాలి. గడ్డిలో, రాళ్ల సందులో అది రెండడుగుల చీలికలా ఉంటుంది. సాధారణంగా అది తెలిసేది అక్కడ్నుంచి తూటా వచ్చి ఎవరికో తగిలాకే. అప్పుడు ఇద్దరు ముగ్గురు బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిళ్లతో ఆ నోటి మీద ఆపకుండా కాలుస్తారు, లోపలివాడు తల ఎత్తకూడదని. మోర్టార్ వాళ్లు పొగ గుండ్లు వేసి పక్క గుట్టకు ఇది కనిపించకుండా చేస్తారు. ఆ పొగలో ఫ్లేమ్ త్రోయర్ (మంట చిమ్మే యంత్రం) మోసేవాడు పాక్కుంటూ వెళ్లాలి. వీపు మీద 30 కిలోల బరువు, ఇనప సీసాలు, వాటిలో చిక్కటి పెట్రోలు, ఒత్తిడి గాలి. అందులో ఉన్న మంట పది సెకన్లకు మించి రాదు. కాబట్టి దగ్గరికి వెళ్లాక గానీ నొక్కకూడదు, నొక్కాక రెండు మూడు చిన్న చిన్న సార్లుగా వాడుకోవాలి. శత్రువు ముందుగా వెతికి కాల్చేది ఇతన్నే.

మంట ఆగగానే మరొకడు మందుగుండు సంచితో పరిగెడతాడు. ఫ్యూజు లాగి గుహలోకి విసిరి పక్కకు దొర్లుతాడు. నోరు కూలిపోతుంది. అంతా అయిపోయిందనుకుంటారు. చాలాసార్లు లోపలివాళ్లు వేరే దారిన ఇరవై గజాల అవతల బయటికొస్తారు. అందుకని పగలు మూసిన గుహల దగ్గర రాత్రంతా కాపలా. ఓడల నుంచి వెలుగు గుండ్లు పైకి లేచి, పారాచూట్లకు వేలాడుతూ దిగుతుంటే, ఆ ఊగే వెలుతురులో ప్రతి పొదా మనిషిలాగే కనిపించేది.

తర్వాత 713వ ట్యాంక్ బెటాలియన్ వచ్చింది. షెర్మన్ ట్యాంకు ఫిరంగి గొట్టంలోనే మంట గొట్టం అమర్చారు. ట్యాంకు ఎక్కలేని చోట పొడవాటి గొట్టం లాగి పైకి తీసుకెళ్లి చిమ్మేవారు. జపాన్ సైనికులు అన్నిటికన్నా ఎక్కువ భయపడింది దీనికే.

షుగర్ లోఫ్ గుట్ట 15 మీటర్లే కదా? దానికి వారం రోజులు ఎందుకు?

అవును, చుట్టుపక్కల నేల కన్నా 15 మీటర్లు. మన ఐదంతస్తుల అపార్టుమెంటు ఎత్తు. పొడవు 270 మీటర్లు. 6వ మెరైన్ డివిజన్ మే 12న మొదలుపెట్టి 18న పట్టుకుంది.

అది ఒక గుట్ట కాదు, మూడింటి ముడి. షుగర్ లోఫ్‌కు వెనక కుడివైపు హార్స్ షూ, ఎడమవైపు హాఫ్ మూన్ అని అమెరికన్లు పేరు పెట్టుకున్న మరో రెండు గుట్టలు. ఒకదాని మీద నిలబడితే మిగతా రెండూ కాలుస్తాయి. మూడింటినీ పైనుంచి షురి ఎత్తులు చూస్తుంటాయి. కిందంతా సొరంగాలు కలిసే ఉన్నాయి. మే 14 రాత్రి మేజర్ హెన్రీ కోర్ట్నీ మిగిలిన కొద్దిమందిని పోగేసి చేతి బాంబులతో శిఖరానికి తీసుకెళ్లాడు. అక్కడే మోర్టార్ పేలి చనిపోయాడు. తెల్లవారాక శిఖరం మళ్లీ చేయి జారింది.

మే 18న దారి మారింది. ముందు నుంచి ఎక్కడం మానేసి గుట్టకు రెండు పక్కల నుంచీ ట్యాంకులను దాని వెనక వైపుకు పంపారు. వెనక వాలు నుంచి బయటికొచ్చేవాళ్ల మీద ట్యాంకులు కాలుస్తుండగా 29వ మెరైన్ రెజిమెంట్ వాళ్లు పైకెక్కి అక్కడే ఉండిపోయారు. గుట్ట తాళం వెనక ఉంటే ముందు తలుపు కొట్టి లాభం లేదు.

ఆ గుట్ట, దాని చుట్టుపక్కల పోరులో 6వ డివిజన్‌కు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 2,662 మంది. మరో 1,289 మంది ఒంటి మీద గాయం లేకుండానే పోరాడలేని స్థితికి వచ్చారు. ఈ రెండో సంఖ్యను దాటేసి ముందుకు వెళ్లొద్దు. చేతులు వణకడం, మాట రాకపోవడం, పేరు అడిగితే చెప్పలేకపోవడం. అదే చోట రోజుల తరబడి మోర్టార్ల కింద పడుకుంటే ఎవరికైనా వచ్చేదే అది. పిరికితనం అనే మాట ఇక్కడ వాడకూడదు.

తుపాకీ పట్టని డెస్మండ్ డాస్ నిజంగా ఉన్నాడా? ‘హ్యాక్‌సా రిడ్జ్’ సినిమాలో చూపినంతా జరిగిందా?

ఉన్నాడు. 77వ డివిజన్, 307వ రెజిమెంట్‌లో వైద్య సహాయకుడు. సెవెంత్ డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. మనిషిని చంపనని, ఆయుధం ముట్టనని మాట పట్టుకుని సైన్యంలో చేరాడు. శిక్షణలో తోటివాళ్లు ఎగతాళి చేశారు.

మయెదా కొండ అంచును అమెరికన్లు హ్యాక్‌సా రిడ్జ్ అన్నారు. చివర్లో నిట్టనిలువు రాతి గోడ. ఓడల్లో సరుకు దింపే తాళ్ల వలలు, నిచ్చెనలు కట్టి ఎక్కారు. ఏప్రిల్ 29న సుమారు 800 మందితో పైకెళ్లిన బెటాలియన్‌లో మే 7న కిందికి దిగినవాళ్లు 324 మంది.

ఎదురుదాడిలో తోటివాళ్లు వెనక్కి దిగిపోయినా డాస్ పైనే ఉండి, గాయపడ్డవాళ్లను ఒక్కొక్కరినే అంచుదాకా లాక్కొచ్చి తాడుతో కిందికి దించాడు. ఆ తాడు ముడిలో రెండు ఉచ్చులు ఉండేవి. ఒక్కో కాలు ఒక్కో ఉచ్చులో దూర్చి, తాడు ఛాతీ చుట్టూ తిప్పి కట్టేవాడు. స్పృహ లేని మనిషి కూడా జారకుండా దిగేవాడు. శిక్షణ రోజుల్లో పట్టుబడిన ముడి అది. ఎంతమందిని దించాడన్న ప్రశ్నకు ఆయన 50 అన్నాడు, అధికారులు 100 అన్నారు. మధ్యస్థంగా 75 అని రాశారు. తర్వాత మే 21న తనకే గాయాలైనప్పుడు, స్ట్రెచర్ మీద నుంచి దిగి అది తనకన్నా ఎక్కువ గాయపడ్డవాడికి ఇచ్చాడు. అక్టోబరు 1945లో అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు.

వెనక నుంచి, దక్షిణ తీరంలో ఇంకో దళాన్ని దించి ఉంటే?

అప్పుడే వచ్చిన ప్రశ్న ఇది. 77వ డివిజన్ అధిపతి జనరల్ బ్రూస్ అదే అడిగాడు. అక్కడి పగడపు దిబ్బలు, సరఫరా కష్టాలు చూపి బకనర్ ఒప్పుకోలేదు. నా అభిప్రాయం అడిగితే, ముందు నుంచి మాత్రమే కొట్టడం వల్ల యహారా కోరుకున్న యుద్ధమే జరిగింది. షుగర్ లోఫ్‌లో గుట్ట వెనక వైపుకు వెళ్లిన ట్యాంకులు చేసిన పని దీవి మొత్తం మీద జరగలేదు. బకనర్‌కు కూడా కారణాలున్నాయి, రెండో దళాన్ని ఆదుకోలేక పోగొట్టుకుంటే అనే భయం చిన్నది కాదు.

జపాన్ వాళ్లు తప్పులు చేయలేదా?

చేశారు, పెద్దదే. మే 4న ఉషిజిమా సైన్యం ప్రధాన కార్యాలయ అధిపతి (చీఫ్ ఆఫ్ స్టాఫ్) జనరల్ చో పట్టుదలతో గుహలు వదిలి ఎదురుదాడికి వచ్చారు. యహారా వద్దన్నాడు. బయటికొచ్చిన వేలమందిని అమెరికన్ ఫిరంగులు తినేశాయి. ఆ తర్వాత మళ్లీ గుహల్లోకే.

షురి ఎలా పడింది?

మే చివర్లో ఎడతెగని వాన. ట్యాంకులు బురదలో కూరుకుపోయాయి, గాయపడ్డ ఒక్కడిని మోయడానికి నలుగురైదుగురు కావలసి వచ్చేది. ఆ వానలోనే ఉషిజిమా సైన్యాన్ని దక్షిణానికి తప్పించాడు. మే 29న మెరైన్లు కోటలోకి వెళ్లారు. జూన్ 18న బకనర్ ఫిరంగి పేలుడుకు చనిపోయాడు. కొద్ది రోజులకే ఉషిజిమా, చో ఆత్మహత్య చేసుకున్నారు. అమెరికా వైపు మృతులు 12,500 పైన.

ఆ గుట్టల మీద ఊళ్లు ఉండేవి కదా, జనం ఏమయ్యారు?

అన్నిటికన్నా తక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. ఒకినావా ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయిన ఒకినావా వాసులు 1,22,228. అందులో 94 వేల మంది మామూలు జనం. దీవిలో దాదాపు నలుగురిలో ఒకరు.

ఒకినావా సమాధులు తాబేలు డిప్ప ఆకారంలో గుట్టల వాలులో కట్టి ఉంటాయి. లోపల ఒక గది. పూర్వీకుల అస్థికలు కుండల్లో పెట్టి, కుటుంబమంతా ఏటా అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి భోజనం చేస్తుంది. బాంబులు పడుతుంటే జనం పిల్లలతో ఆ సమాధుల్లో దాక్కున్నారు. జపాన్ సైన్యం వాటిని మెషీన్ గన్ గూళ్లుగా మార్చింది, చాలాచోట్ల జనాన్ని బయటికి తరిమింది. బయట నుంచి వచ్చే ఫ్లేమ్ త్రోయర్‌కు లోపల ఉన్నది సైనికుడో, ముసలమ్మో తెలియదు. పైన నేను చెప్పిన పద్ధతిని ఈ మాటతో కలిపి మళ్లీ చదవండి.

హైస్కూలు, టీచర్ ట్రైనింగ్ ఆడపిల్లలను కూడా నర్సులుగా గుహ ఆసుపత్రులకు తీసుకెళ్లారు. హిమెయురి దళంలో 222 మంది విద్యార్థినులు, 18 మంది ఉపాధ్యాయులు. 136 మంది తిరిగి రాలేదు. జూన్ 18న దళాన్ని రద్దు చేశాం, వెళ్లిపొమ్మని చెప్పారు. ఎక్కడికి వెళ్లాలి, చుట్టూ కాల్పులు. ఎక్కువమంది చనిపోయింది ఆ మాట తర్వాతే.

ఈ యుద్ధానికీ తెలుగువాళ్లకూ సంబంధం ఉందా?

ఒకినావాకు నేరుగా లేదు. కానీ ఆ యుద్ధం మన తీరాన్ని తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఊళ్లు వదిలి లోపలికి వెళ్లారు.

ఇప్పుడు అక్కడికి వెళితే ఏం కనిపిస్తుంది?

షుగర్ లోఫ్ ఇప్పుడు నాహా నగరం మధ్యలో ఉంది. పైన నీళ్ల ట్యాంకు, చుట్టూ షాపింగ్ మాల్స్. ఒమొరొమాచి మోనోరైలు స్టేషన్ దగ్గరే, కొద్ది నిమిషాల్లో ఎక్కేయవచ్చు. కకజు ఒక పార్కు అయింది. అక్కడ పాత బంకరు, తూటా గుర్తులున్న గోడ ముక్క ఉన్నాయి. పైనుంచి చూస్తే ఫుటెన్మా అమెరికన్ విమాన స్థావరం కనిపిస్తుంది. మయెదా అంచు ఉరసోయె పాత కోట పార్కులో ఉంది. షురి కోటను 1992లో మళ్లీ కట్టారు, 2019 అక్టోబరు 31న ప్రధాన భవనం కాలిపోయింది.

దక్షిణ చివర మబుని దగ్గర శాంతి ఉద్యానవనంలో నల్లరాతి పలకల వరసలు ఉన్నాయి. 1995లో పెట్టారు. ఒకినావా, జపాన్, అమెరికా, కొరియా అని చూడకుండా చనిపోయిన 2,40,000 మందికి పైగా పేర్లు చెక్కారు. కొత్తగా తెలిసిన పేర్లు ఇప్పటికీ ఏటా చేరుస్తారు. యుద్ధ మృతులను తలుచుకునే జూన్ 23న వెళితే ముసలివాళ్లు పలక ముందు కూర్చుని, సీసాలో నీళ్లు తీసి పేరు మీద పోస్తూ కనిపిస్తారు. గుహల్లో ఆఖరి గంటల్లో వాళ్లవాళ్లు అడిగింది నీళ్లే.